ఇద్దరూ కలిసి పాత ట్రాక్టర్లు పోగేయాలంటే

పాత ట్రాక్టర్ల పిచ్చి మా ఇంట్లో ముందు పట్టింది మా ఆయనకి కాదు, నాకు. మా నాన్నగారికి ఎర్ర మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు ఉండేది, పక్క బజార్లో ఉండగానే అది మా బండో కాదో చప్పుడు బట్టి చెప్పేసేవాళ్లం. పెళ్లయ్యాక ఆ పిచ్చి మా ఆయనకీ అంటుకుంది. ఆయనకి ఇంజన్ పని తెలుసు, నాకు ఆర్సీలూ బ్యాంకు కాగితాలూ చదవడం తెలుసు. ఈ సరదా ఇద్దరి చేతులూ పడితేనే సాగుతుంది. తెలిసినవాళ్లలో కొందరు జంటలు మేమూ ఒకటి కొనాలనుకుంటున్నాం, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని అడుగుతున్నారు కాబట్టి తెలిసిందంతా ఒకచోట రాసేస్తున్నాను. ఇది పొలం పనికి సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ల కోసం కాదు, వాళ్ల లెక్కలు వేరు.

ముందు ఇంట్లో తేలాల్సినవి

డబ్బు సంగతి మొదట. పాత బండి కొన్న రేటు అసలు ఖర్చులో ఒక భాగమే. దాన్ని లారీ ఎక్కించి తెచ్చుకోవడం, టైర్లు, డీజిల్ పంపు, నాజిల్స్ (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి), క్లచ్ ప్లేటు, వైరింగు, పెయింటు ఇవన్నీ కలిపితే చాలాసార్లు బండి రేటుని దాటిపోతుంది. అందుకని "ఈ ఏడాది ఇంతే" అని ఇద్దరూ ఒప్పుకున్న అంకె ఒకటి రాసిపెట్టుకోండి, అందులో సగానికి మించి బండి కొనడానికి పెట్టకండి. మిగిలిన సగం బండి ఇంటికొచ్చాక దానంతటదే మాయమవుతుంది, టెన్షన్ పడక్కర్లేదు.

ఇద్దరిలో ఒకరు వద్దంటే ఆ బండి వద్దు, కారణం చెప్పక్కర్లేదు. కానీ ఆ వద్దు అన్న మాట అమ్మేవాడి ముందు అనకూడదు, ఇంకా ఘోరం ఏంటంటే అతని ముందే మొగుడూ పెళ్లాం వాదించుకోవడం, అప్పుడు ఎవరికి బండి మీద మోజుందో అతనికి తెలిసిపోతుంది, ఇక రేటు ఒక్క రూపాయి దిగడు. మేమిద్దరం ఒక గుర్తు పెట్టుకున్నాం. నేను "కాసిని మంచినీళ్లిస్తారా అండీ" అని అడిగానంటే బేరం ఆపెయ్యమని అర్థం, మా ఆయన నెమ్మదిగా "ఆలోచించుకుని ఫోన్ చేస్తాం" అనేస్తారు. బేరం కూడా ఒక్కరే ఆడాలి, రెండోవాళ్లు నోరు మూసుకుని బండి చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీయాలి.

ఏవి పోగేయాలి

కనపడ్డదల్లా కొంటే రెండేళ్లకి మీ పెరడు పాత ఇనప సామాను కొట్టులా తయారవుతుంది. ఒక వరస పెట్టుకోండి. ఒకే కంపెనీ బండ్లు కావచ్చు, 1975కి ముందువి మాత్రమే కావచ్చు, మీ రెండు ఊళ్లలో (పుట్టిల్లు, అత్తారిల్లు) మీ చిన్నప్పుడు తిరిగిన మోడళ్లు కావచ్చు. మూడోది నాకు బాగా ఇష్టం, ఎందుకంటే ఇద్దరికీ చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, పైగా ఆ బండి మీద పనిచేసిన మెకానిక్కులు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉంటారు.

మొదటి బండి ఏది అని అడిగితే మాసీ ఫెర్గూసన్ 1035 అనే చెబుతాను, ఇందులో నా పుట్టింటి పక్షపాతం కొంత ఉందేమో కానీ కారణాలూ ఉన్నాయి. దీన్ని తయారు చేసే టాఫే 1960లో మద్రాసులో పెట్టిన కంపెనీ, ఈ బండికి మూలం ఇంగ్లండులో 1950ల చివర్లో వచ్చిన మాసీ 35. ఇంజన్ సింప్సన్ వాళ్లది, పెర్కిన్స్ డిజైను, మూడు సిలిండర్లు. 1035 పేరుతో ఇన్ని దశాబ్దాలుగా బండ్లు వస్తూనే ఉన్నాయి కాబట్టి సామాను దొరకదన్న మాట లేదు, విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట తిరిగితే దాదాపు అన్నీ దొరుకుతాయి. ఎక్కడైనా ఇంగ్లండు నుంచి దిగుమతైన అసలు 35 కనపడితే తొందరపడకుండా ముందు నాజిల్స్ లెక్కపెట్టండి, సిలిండర్‌కి ఒకటుంటుంది. మూడుంటే పెర్కిన్స్ ఇంజన్. నాలుగుంటే అంతకుముందు పెట్టిన స్టాండర్డ్ కంపెనీ డీజిల్ ఇంజన్, అది పొద్దున్నే స్టార్టవడానికి మహా మొండికేసేది, ఆ గొడవ పడలేకే 1959లో పెర్కిన్స్‌కి మార్చారు. అరుదైనదే, కానీ మొదటి బండిగా మాత్రం వద్దు.

రెండోది మహీంద్రా వాళ్ల బీ-275. ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి 1963లో కంపెనీ పెట్టి, 1965 నుంచి బొంబాయిలో తయారు చేశారు. నాలుగు సిలిండర్లు, ముందుకి ఎనిమిది గేర్లు, వెనక్కి రెండు. దీంతో ఒక చిక్కుంది. చాలా బీ-275లకి ఓనర్లు తర్వాతి మోడళ్ల బానెట్లు తగిలించేశారు, కొత్త బండిలా కనపడాలని. అసలు ముఖం ఉన్నది దొరికితే ఇంజన్ ఎలా ఉన్నా సరే ఆలోచించండి.

హెచ్‌ఎంటీ అంటే మన ఇళ్లలో చేతి వాచీ, ఆ వాచీ పేరు పెట్టుకున్న సన్నబియ్యం గుర్తొస్తాయి కానీ అదే కంపెనీ హర్యానాలోని పింజోర్‌లో 1971 నుంచి చెకోస్లొవేకియా జెటార్ సహకారంతో 2511 అనే 25 హార్స్‌పవర్ బండి చేసింది. రెండు సిలిండర్ల బండి, చప్పుడే వేరు. ట్రాక్టర్ల విభాగం మూసెయ్యాలని 2016లో కేంద్రం నిర్ణయించింది, అంచేత కంపెనీ సామాను ఇక రాదు, బయట తయారైన సామాను పంజాబ్, హర్యానా వైపు నుంచి తెప్పించుకోవాలి.

దేశం కథ చెప్పే బండ్లు కావాలంటే ఇంకో రెండున్నాయి. ఫరీదాబాద్‌లో 1959 ఏప్రిల్ 24న బయటికొచ్చిన ఐషర్‌ని మన దేశంలో తయారైన మొదటి ట్రాక్టర్‌గా చెబుతారు, ఆ ఐషర్లది గాలికి చల్లబడే ఇంజన్, రేడియేటర్ ఉండదు. 241 మోడల్‌కైతే ఒకటే సిలిండర్, దాని టకటక విన్నవాళ్లు మర్చిపోరు. రెండోది 1974లో వచ్చిన స్వరాజ్ 724, విదేశీ సహకారం లేకుండా దుర్గాపూర్ ప్రభుత్వ పరిశోధన సంస్థలో గీసిన డిజైన్‌తో పంజాబ్‌లో తయారైంది.

ఒక జత కూడా చెబుతాను, చూసేవాళ్లకి కథ చెప్పడానికి బావుంటుంది. ఎర్ర మాసీ పక్కన ఎస్కార్ట్స్ వాళ్ల నీలం ఫోర్డ్ 3600 పెట్టండి. వెనకాల మూడు చేతులతో గొర్రునో నాగలినో ఎత్తి దించే పద్ధతి హ్యారీ ఫెర్గూసన్‌ది. 1938లో ఆయనా హెన్రీ ఫోర్డూ కాగితం లేకుండా చేయి కలుపుకుని కలిసి బండ్లు చేస్తామనుకున్నారు. ఫోర్డ్ మనవడి కాలంలో 1947లో అది చెడి, కోర్టుకెక్కి, 1952లో ఫోర్డ్ కంపెనీ 92.5 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఆ ఇద్దరి పేర్లూ మోసే బండ్లు ఇప్పుడు మన షెడ్లో పక్కపక్కన కూర్చుంటాయన్నమాట.

ఫోర్డ్‌సన్ డెక్స్టా, రష్యా డీటీ-14 లాంటివి ఎక్కడో రైస్ మిల్లు వెనకో, ఇటుక బట్టీ దగ్గరో కనపడొచ్చు. మనసు లాగుతుంది. చేతిలో నడిచే బండి ఒకటి ఉండి, సామాను తెప్పించుకోవడానికి ఓపికుంటేనే వాటి జోలికి వెళ్లండి.

చూడ్డానికి వెళ్లినప్పుడు

ఫోన్లోనే చెప్పండి, "మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దండీ" అని. పొద్దున్నే వెళ్లండి. వెళ్లగానే నమస్కారం పెట్టి, మాటల్లో మాటగా ఇంజన్ హెడ్డు మీదో సైలెన్సర్ మొదట్లోనో చెయ్యి వెయ్యండి. వెచ్చగా ఉందంటే తెల్లారగట్ల దాన్ని తోసో, ఇంకో బండికి కట్టి లాగో స్టార్ట్ చేసుంటారు. కోప్పడక్కర్లేదు, టీ తాగి ఊరంతా తిరిగొచ్చి చల్లారాకే చూడండి.

స్టార్ట్ చేయకముందే రేడియేటర్ మూత తీసి లోపల చూడండి, ఆయిల్ తెట్టు ఉందా అని. డిప్ స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు దిగుతున్నట్టే. ఎయిర్ క్లీనర్ కింద గిన్నె విప్పించండి, ఇది చాలామంది చూడరు. పాత బండ్లకి కాగితం ఫిల్టర్ ఉండదు, ఆ గిన్నెలో ఆయిల్ ఉంటుంది, దుమ్ము అందులో పడి ఆగుతుంది. గిన్నెలో ఆయిల్ బదులు గట్టిపడిన బురద ఉందంటే ఆ ఇంజన్ ఏళ్ల తరబడి దుమ్ము మింగిందని అర్థం, లైనర్లూ (సిలిండర్ లోపలి తొడుగులు) పిస్టన్ రింగులూ మార్చే ఖర్చు లెక్కలో వేసేసుకోవచ్చు. మహబూబ్‌నగర్, అనంతపురం లాంటి మెట్ట ప్రాంతాల బండ్లలో ఈ జబ్బు ఎక్కువ. అయితే వాటికి తుప్పు తక్కువ.

స్టార్ట్ అయ్యాక రేడియేటర్ మూత తీసే ఉంచి చూడండి, బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్డు కింద ఉండే సీలు) పోయిందని అనుమానం. పొగ మొదట్లో కొంచెం తెల్లగా ఉండి పోతే పర్లేదు. వేడెక్కాక కూడా నీలంగా వస్తుంటే ఆయిల్ తాగుతోంది. నల్లగా వస్తుంటే నాజిల్సో పంపో. ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టండి, ఊదినట్టు గట్టిగా గాలి తగిలితే రింగులు పోయాయి.

ఇక హైడ్రాలిక్, అంటే వెనకాల పనిముట్లని ఎత్తి దించే లిఫ్టు. గొర్రునో, బరువైన ఇంకేదైనానో తగిలించమనండి. పైకి ఎత్తించి, ఇంజన్ ఆపించి, గడియారం చూసుకుని పది నిమిషాలు కబుర్లు చెప్పండి. బెత్తెడు దిగితే పాత బండికి అది మామూలే. మీరు చూస్తుండగానే గొర్రు కర్రులు నేలని తాకాయంటే లోపల సీళ్లో, వాల్వులో పోయినట్టు. మాసీ 35 తరం బండ్లలో ఇంకో కిటుకుంది. హైడ్రాలిక్ పంపు గేర్లూ ఆయిలూ ఉండే వెనక పెట్టెలోనే ఉండి పీటీవో షాఫ్టుతో (వెనక తగిలించిన పనిముట్లని తిప్పే ఇరుసు) తిరుగుతుంది, పీటీవో లివర్ వెయ్యకపోతే లిఫ్టు లేవనే లేవదు. అది తెలియక "లిఫ్టు పోయింది" అని తక్కువ రేటుకి ఇచ్చేసేవాళ్లున్నారు, తెలిసి మనల్ని పరీక్షించేవాళ్లూ ఉన్నారు. లివర్ వేసి, క్లచ్ పూర్తిగా వదిలి, అప్పుడు చూడండి.

డెల్టా బండి అయితే, అంటే ఏటా దమ్ము చేసిన బండి అయితే, వెనక పెట్టెలోకి నీళ్లు దిగి ఉండే అవకాశం ఎక్కువ. కేజ్ వీల్స్ (బురదలో దిగబడకుండా వేసే ఇనప చక్రాలు) వేసి మోకాటి లోతు బురదలో తిప్పుతారు కదా. దీన్ని పట్టుకోవడానికి మా ఆయన చేసే పని ఇది. ముందురోజు నుంచి కదలని బండి అయితే, ఓనర్ని అడిగి, వెనక పెట్టె అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గుని స్పానర్‌తో ఒక్క చుట్టు వదులు చేస్తారు, పూర్తిగా తియ్యరు. కింద ఖాళీ టీ గ్లాసు పెడతారు. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి అడుక్కి చేరి ఉంటాయి, ముందు అవే వస్తాయి. మొదటి చుక్కలే తేనె రంగు ఆయిల్ అయితే సంతోషం. గ్లాసు అడుగున నీళ్లు నిలిచాయంటే బేరింగులు, బ్రేకు సీళ్లు అన్నీ అనుమానించాల్సిందే, మాసీలో గేర్లకీ హైడ్రాలిక్‌కీ ఒకటే ఆయిల్ కాబట్టి ఆ నీళ్లు అన్నిచోట్లకీ వెళ్లి ఉంటాయి. ప్లగ్గు బిగించేసి గ్లాసు ఓనర్‌కి చూపించండి, ఏమీ అనకండి. రేటు అతనే దించుతాడు.

ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపితే చక్రం మలుపు తిరిగే కింగ్ పిన్నూ బుష్‌లూ ఎంత అరిగాయో తెలిసిపోతుంది. స్టీరింగు ఎంత లూజుందో చూడండి. నడిపించి, గేర్లో ఉండగా యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలెయ్యమనండి, గేరు జారి న్యూట్రల్‌కి వచ్చేస్తే గేర్ బాక్సు విప్పాలి. టైర్ల అరుగుదల అందరూ చూస్తారు, మీరు రిమ్ములు చూడండి. పట్టు కోసం వెనక టైర్లలో నీళ్లు నింపడం అలవాటు కాబట్టి వాల్వు చుట్టూ రిమ్ము తుప్పు పట్టి పొరలు పొరలుగా లేస్తుంది. టైరు సైజు కూడా రాసుకోండి. ముందు 6.00-16, వెనక 12.4-28 అయితే ఎక్కడైనా దొరుకుతాయి. చిత్రమైన పాత సైజులుంటే ముందు ఫోన్లు చేసి కనుక్కున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఇప్పుడు నేను అందరితోనూ గొడవపడే మాట. ఇంజన్ బాగుండి రేకు పోయిన బండి కన్నా, ఇంజన్ పోయి రేకు మొత్తం ఉన్న బండి నయం. పిస్టన్లు, లైనర్లు, బేరింగులు డబ్బిస్తే దొరుకుతాయి. ముందు జాలీ, బానెట్ మీద పేరు బిళ్ల, ఇనప సీటు, అసలు స్టీరింగు చక్రం, పాత మీటరు, టూల్ బాక్సు మూత ఇవి ఏ కొట్లోనూ కొత్తవి దొరకవు, ఇంకో బండి చస్తేనే వస్తాయి. మా ఆయన ఇంజన్ దగ్గర వంగి ఉన్నంతసేపూ నేను ఈ లిస్టు చూసుకుంటూ ఉంటాను, ఏది ఉందో ఏది మార్చారో. ఓనర్ని అడిగితే గొడ్ల చావిట్లోనో అటక మీదో పడేసిన అసలు సామాను కూడా బయటికొస్తుంది, బేరం కుదిరాక ఈ మాట అడగండి, ముందు కాదు.

రేటు దగ్గర ఒక కింది గీత ఉంటుంది. ఈ సైజు బండి సుమారు టన్నున్నర తూగుతుంది, ఆ రోజు ఇనుము రేటుతో హెచ్చవేస్తే తుక్కు కింద ఎంతొస్తుందో తెలుస్తుంది, అంతకన్నా తక్కువకి ఎవరూ ఇవ్వరు. దాని పైన ఎంత అన్నది కాగితాలూ రేకూ బట్టి. ఒక సంగతి మాత్రం మర్చిపోకండి, ఆ ఇంటి పెద్దాయనకి అది దసరాకి పసుపు కుంకుమ పెట్టిన బండి. ఆయన ముందు "తుక్కు" అన్న మాట అన్నారంటే మీకు అమ్మడు, పక్కూరి తుక్కు వ్యాపారికి తక్కువకైనా ఇచ్చేస్తాడు.

కాగితాలు

ఈ భాగం నా శాఖ. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పక్కనుంచి టార్చి కొట్టి చదవాలి. "ఏవండీ, ఇది మూడా, ఎనిమిదా?" అన్న ప్రశ్న ప్రతి బండి దగ్గరా వస్తుంది, అంచేత ఇద్దరూ విడివిడిగా చదివి రాసుకుని తర్వాత పోల్చుకోండి. నంబరున్న చోట మాత్రమే కొత్త పెయింటు ఉంటే, చుట్టూ గీకిన గీతలుంటే, అక్కడితో మంచినీళ్లు అడిగెయ్యండి.

1989కి ముందు బండ్లకి మూడు ఇంగ్లిషు అక్షరాలు, నాలుగంకెల పాత నంబర్లుంటాయి, ఆర్సీ కూడా చిన్న పుస్తకంలా ఉంటుంది. పొలం ట్రాక్టరు ఆర్సీ 15 ఏళ్లకి, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. మీకు కనపడే బండ్లలో చాలావాటికి అది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. రెన్యువల్ అవుతుందా, బాకీలెంత, అసలు ఆ నంబరు రికార్డుల్లో ఉందా అన్నది ఆర్టీవో ఆఫీసులో కనుక్కున్నాకే డబ్బు మాట.

ఆర్సీలో ఫైనాన్స్ కాలమ్ చూడండి. ఆ రోజుల్లో భూమి తనఖా బ్యాంకులోనో సొసైటీలోనో లోను తీసుకుని కొన్నవే ఎక్కువ. లోను తీరి దశాబ్దాలైనా ఆర్సీలో పేరు అలాగే ఉండిపోతుంది. బ్యాంకు ఇచ్చే నో డ్యూ లెటరు, ఫారం 35 అమ్మేవాళ్లే తెచ్చివ్వాలని ముందే మాట్లాడుకోండి. ట్రాన్స్‌ఫర్‌కి 29, 30 ఫారాలు. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28తో అక్కణ్ణుంచి ఎన్‌వోసీ. ఆర్సీలో పేరున్న మనిషి చనిపోయి ఉంటే ముందు వారసుల్లో ఒకరి పేరుకి ఫారం 31తో మారాలి, మిగతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. పెద్ద కొడుకు "నాదే బాధ్యత" అంటాడు, ఆ మాట మీద అడ్వాన్సు ఇవ్వకండి. ఆడపడుచు సంతకం దగ్గర ఆగిపోయిన బేరాలు ఎన్నో.

కొంతమంది "వింటేజ్ నంబరు వేయించుకోవచ్చు కదా" అంటారు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ 50 ఏళ్లు దాటిన టూ వీలర్లకీ, కార్ల తరగతి బండ్లకీ మాత్రమే, ట్రాక్టర్లు అందులో లేవు. ఎవరైనా ఆ పేరు చెప్పి డబ్బులడిగితే నవ్వి ఊరుకోండి. కాగితాలు అస్సలు లేని బండిని షెడ్లో పెట్టి చూసుకోవడానికి కొనేవాళ్లున్నారు. నేనైతే కొనను. రోడ్డెక్కనివ్వరు, మళ్లీ అమ్ముకోలేం, దొంగ బండి కాదని నిరూపించుకునే పనీ మన మీదే పడుతుంది.

ఆర్సీ ఎవరి పేరున అన్నది మీ ఇష్టం. మా ఇంట్లో ఒకటి ఆయన పేరున, తర్వాతిది నా పేరున. గొడవలేదు.

ఇంటికొచ్చాక

పెయింటు అన్నిటికన్నా చివర. మొదట బ్రేకులు, స్టీరింగు, ఆ తర్వాత డీజిల్ ట్యాంకు. ఏళ్ల తరబడి నిలబడ్డ బండి ట్యాంకు లోపల తుప్పు పొరలుంటాయి, కడగకుండా స్టార్ట్ చేస్తే అదంతా పంపులోకి పోయి పెద్ద ఖర్చు తెస్తుంది. ట్యాంకు దింపి కడిగించి, ఫిల్టర్లు మార్చి, డీజిల్ పైపుల్లో చేరిన ఎయిర్ తీసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వైరింగు మొత్తం కొత్తది వేయించండి, పాతది ఎలాగూ సగం ఎలుకలు కొరికేసి ఉంటాయి.

ఇంగ్లండు, అమెరికా వాళ్లు చెప్పే జాగ్రత్తల్లో చలికి రేడియేటర్ నీళ్లు గడ్డకట్టి బ్లాకు పగలడం గురించి తెగ ఉంటుంది. మనకా బెంగ లేదు. మన శత్రువు బోరు నీళ్లు. ఆ ఉప్పు నీళ్లు పోసీ పోసీ రేడియేటర్ గొట్టాల్లో గార పేరుకుపోయి ఇంజన్ వేడెక్కుతుంది. రేడియేటర్ శుభ్రం చేయించి, కూలెంట్ కలిపిన మంచి నీళ్లే పోయండి.

రంగు వేసే ముందు ట్యాంకు పట్టీల కింద, బ్యాటరీ పెట్టె వెనక, ఎండ తగలని చోట గీకి చూస్తే అసలు రంగు కనపడుతుంది, దానికి సరిపోయేలా కలిపించుకోండి. అసలు పెయింటు సగానికి పైగా మిగిలుంటే నా మాట విని రంగు వెయ్యకండి, కడిగి, సన్నగా ఆయిల్ గుడ్డతో తుడిచి వదిలెయ్యండి. మా ఆయన ఒప్పుకోరు, ఆయనకి తళతళలాడాలి. ఈ ఒక్క విషయంలో మాకు రాజీ లేదు, అందుకే ఎవరి పేరున ఉన్న బండికి వాళ్ల మాట.

నిలబెట్టిన బండికి రెండు మూడు చిన్న పనులు. నెలకోసారైనా స్టార్ట్ చేసి బాగా వేడెక్కేదాకా ఉంచండి, రెండు నిమిషాలు నడిపి ఆపేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. వానాకాలం ఎక్కువ రోజులు కదలదనుకుంటే క్లచ్ పెడల్ తొక్కి పట్టేలా చెక్క ముక్క పెట్టండి, లేకపోతే ప్లేటు అతుక్కుపోతుంది. నిలువు సైలెన్సర్ మీద డబ్బా బోర్లించండి, లేకపోతే వాన నీళ్లు నేరుగా ఇంజన్లోకే దిగుతాయి. స్టార్ట్ చేసే ముందు ఆ డబ్బా తియ్యడం మాత్రం మర్చిపోకండి.

ప్రమాదాల సంగతి సూటిగా చెప్పేస్తాను. తిరుగుతున్న పీటీవో షాఫ్టు దగ్గరికి చీర కొంగు, చున్నీ, లుంగీ, కండువా ఏదీ వెళ్లకూడదు. లాగిందంటే తెలిసేలోపు అంతా అయిపోతుంది. కవరు లేని షాఫ్టు తిప్పనే తిప్పకండి. నేను షెడ్లోకి ప్యాంటూ షర్టుతోనే వెళ్తాను, చూసేవాళ్లు ఏమనుకున్నా సరే. సెల్ఫ్ పనిచేయట్లేదని కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో స్టార్టర్ మోటారు కలిపే అలవాటు చాలామందికుంది. బండి గేర్లో ఉంటే వెనక చక్రం మీద నుంచి వెళ్లిపోతుంది. గొలుసు కట్టి ఏదైనా లాగాల్సి వస్తే కింద ఉన్న, బరువులు లాగే ఇనప కమ్మీ అయిన డ్రాబార్‌కే కట్టండి, పైన ఎక్కడ కట్టినా ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది, ఈ పాత బండ్లకి మనిషిని కాపాడే రోల్ బార్ ఉండదు. మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోపెట్టడం మా నాన్నల కాలంలో ముద్దు, ఒక్క గతుకుకి జారితే పడేది వెనక చక్రం కిందే. ఒకరు జాకీ మీద లేపిన బండి కింద పనిచేస్తుంటే రెండోవాళ్లు అక్కడే ఉండాలి, జాకీ పక్కన గట్టి చెక్క దిమ్మెలు పెట్టాలి.

రెండో బండి

మొదటిది ఒక వానాకాలం మీ షెడ్లో గడిపి, ఆ తర్వాత ఒక్క సెల్ఫ్‌కి స్టార్టయ్యేదాకా రెండోదాన్ని చూడ్డానికి కూడా వెళ్లకండి. వెళ్తే కొనేస్తారు. షెడ్డు లెక్క కూడా ముందే వేసుకోండి. మాసీ సైజు బండి పదడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు ఉంటుంది, చుట్టూ మనిషి వంగి పనిచేయడానికి కనీసం రెండున్నర అడుగులు వదలాలి, అంటే ఒక్కో బండికి పదిహేను అడుగులకి పదిన్నర అడుగుల చోటు. రెండు బండ్లు పక్కపక్కన పెడితే మధ్య దారి ఇద్దరికీ పనికొస్తుంది కాబట్టి పద్ధెనిమిదిన్నర అడుగుల వెడల్పుతో సరిపోతుంది. ఈ కొలతలు తాడుతో నేల మీద గీసి చూసుకున్నాకే రేకుల షెడ్డు వేసే మేస్త్రీని పిలవండి, గేటు వెడల్పు కూడా అప్పుడే కొలుచుకోండి, ఎందుకంటే బండి దింపడానికి లారీ వెనక్కి రావాల్సింది ఆ గేట్లోంచే.